గుమ్మం దాకానేనా?

అనంత చతుర్దశి నాడు బొంబాయిలో కామాఠీపురా గల్లీల నుంచి గిర్గావ్ చౌపాటీ దాకా గణపతి వెంట జనం నడుస్తారు. మరాఠీ ఇళ్లలో స్వామి బయలుదేరే ముందు దారిలో తినడానికని పెరుగూ అటుకులూ పెడతారు. ఆయన నీళ్లలో మునిగేదాకా ఎవరూ ఒడ్డు వదలరు. వచ్చే ఏడు తొందరగా రమ్మని గొంతు పోయేలా పిలుస్తారు.

దేవుణ్ని ఇంత ప్రేమగా పంపే మనం, ఊరి నుంచి వచ్చిన మేనత్తను సోఫాలోంచే చెయ్యూపి పంపేస్తున్నాం. ఆమె చెప్పులు వేసుకుంటుంటే మన చూపు ఫోన్‌లో ఉంటుంది, క్యాబ్ ఎంత దూరంలో ఉందోనని. లిఫ్ట్ రాకముందే తలుపు గడియ పడుతుంది. ఆ చప్పుడు ఆమెకు వినిపిస్తుంది.

కుచేలుడి కథను మనం అటుకుల మూటతోనే ఆపేస్తాం. ద్వారకాధీశుడికి పనులు లేవా? అన్నీ వదిలి మంచం దిగి పరుగెత్తుకొచ్చాడు, కాళ్లు కడిగాడు. ఇది పిల్లలకూ తెలుసు. మర్నాడు స్నేహితుడు ప్రయాణమైతే కృష్ణుడు దారి వెంట నడిచి మరీ సాగనంపాడు. భాగవతం దశమస్కంధంలో ఉన్న ఈ మాట పురాణం చెప్పేవాళ్లు కూడా దాటేస్తుంటారు. ఆ పూట కుచేలుడి చేతిలో చిల్లిగవ్వ పెట్టలేదు. అయినా ఆ పేదవాడు దారి పొడుగునా ఆ ఆదరణనే తలచుకుని మురిసిపోయాడు. తైత్తిరీయోపనిషత్తులో అతిథిని దేవుడిగా చూడమన్న ఉపదేశం కూడా, చదువు ముగించి వెళ్తున్న శిష్యుడికి గురువు వీడ్కోలు వేళ చెప్పిందే.

బొంబాయిలో మన పెద్దలూ అలాగే సాగనంపేవాళ్లు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చి బొంబాయిని కట్టిన కామాఠీ కూలీల పేరే కామాఠీపురాకు నిలిచింది. వర్లీ, పరేల్ మిల్లులకు మన పద్మశాలీలు వచ్చారు. కార్మికులుండే బీడీడీ చాల్‌లో గది 160 చదరపు అడుగులు. సంసారం, చుట్టాలు, చుట్టాల సామాను అన్నీ అందులోనే. రాత్రి షిఫ్టు దిగినవాడు నిద్ర మానుకుని బావ పెట్టె భుజానికెత్తుకునేవాడు. వరండా పొడుగునా గుమ్మాల్లో నిలబడి అందరూ "పైలం బిడ్డా, మల్ల రాండ్రి" అనేవాళ్లు. బోరిబందర్ స్టేషన్‌లో రైలు ప్లాట్‌ఫాం మీదికి వస్తుండగానే జనరల్ బోగీలో దూరి, కిటికీ పక్కన తువ్వాలు పరిచి సీటు ఆపేవాడు. సద్దిమూట చేతికిచ్చి, మంచినీళ్లు పట్టుకొచ్చి, రైలు కదిలాకే వెనుదిరిగేవాడు.

ఇప్పుడు ఊరెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషన్ ఉంది. పెట్టెకు చక్రాలున్నాయి. ఇంక మనం వెళ్లి చేసేదేముంది అంటున్నారు కుర్రవాళ్లు. పెట్టె మోయడానికే వెళ్లేవాళ్లమా? మోసే పని తప్పింది కాబట్టి, ఆ కాసేపు మనిషితో మాట్లాడటానికే మిగలాలి. అది కూడా మిగలనివ్వకపోతే మనం ఆదా చేసిన సమయం దేనికి?

బీడీడీ చాల్ కుటుంబాలు 500 చదరపు అడుగుల ఫ్లాట్లలోకి మారుతున్నాయి. సంతోషం. తరాల కష్టానికి దక్కిన ఇల్లది. అక్కడ మనవాళ్లకు చుట్టాలు బరువు కాకూడదనే నా తపన.

బతుకమ్మకు, దసరాకు మళ్లీ ఇంటినిండా బంధువులొస్తారు. వాళ్లు బయలుదేరేటప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టి కిందికి దిగండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడండి.