తండ్రి ముఖము చూడని కుమారుడు

2013లో వెలువడిన 'స్టార్డ్ అప్' అను బ్రిటిషు చలనచిత్రమును, లండను వాండ్స్‌వర్త్ చెరసాలలో ఖైదీలకు మనోచికిత్స చేసిన జోనథన్ ఆసర్ రచించెను. పందొమ్మిదేండ్ల యువకుడు, మిక్కిలి దుడుకువాడగుటచేత, గడువుకు ముందే పెద్దల చెరసాలకు పంపబడును. అచ్చట యావజ్జీవ ఖైదీగా నున్నవాడు వాని తండ్రియే. దూషణలును రక్తపాతమును మెండు; కుటుంబముతో చూడదగినది కాదు. అయినను అది యడుగు ప్రశ్నను త్రోసివేయలేము: తానే దోషియైన తండ్రికి కుమారుని దిద్దు అధికారము కలదా?

దావీదు సంగతి చూడుడి. ఊరియా విషయములో తన చేతులే మలినమైనందుననేమో, అమ్నోను దుష్కార్యమునకు కోపపడెనే గాని వానిని దండింపలేదు. అబ్షాలోమును యెరూషలేమునకు రప్పించియు, రెండేండ్లు తన ముఖము చూడనియ్యలేదు. ఒకే పట్టణము, మూసిన తలుపు! అది శిక్షయు కాదు, క్షమాపణయు కాదు. యెహెజ్కేలు 18వ అధ్యాయము తండ్రి దోషమును కుమారునిపై మోపదు, నిజమే. ఆ మాటను సాకుగా జేసికొని తండ్రి తప్పించుకొనుటకు మాత్రము వీలులేదు.

చిత్రములోని తండ్రికి పిడికిలి తప్ప వేరొక భాష రాదు. అయినను కుమారుని మెడకు ఉరి బిగియుచుండగా వాడే వచ్చి విడిపించును. అబ్షాలోము మస్తకివృక్షమున వ్రేలాడినప్పుడు దావీదు గుమ్మమునొద్ద వార్తకై కనిపెట్టుచుండెను.

దక్షిణ బస్తరులోని గొల్లపల్లివంటి ఊరి తండ్రి, జగదల్‌పూరు కేంద్ర కారాగారములోనున్న కుమారుని చూడవలెనన్న దూరప్రయాణము చేయవలెను. కూలి పోవును, ఇరుగుపొరుగువారు నవ్వుదురు. అట్టి తండ్రి ఆదివారము ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నయెడల, సంఘపెద్దలు అతనికి బస్సు ఖర్చు నిత్తురా?