చదివితేనే తీరే ఋణం

వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో వి.వి. శ్రేష్ఠి పూనికతో మొదలైంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉంచారు. ఇలాంటి కట్టడానికి వయసు మీదపడగానే, దాన్ని స్మారకంగా మార్చి సందర్శకులకు చూపిద్దామనే మాట వస్తుంది. ఆ మాటలో భక్తి ఉంది, కానీ ధర్మం సగమే ఉంది. మనిషి మూడు ఋణాలతో పుడతాడనీ, అందులో ఋషిఋణం బ్రహ్మచర్యంతో, అంటే అధ్యయన దీక్షతో, తీరుతుందనీ తైత్తిరీయ సంహిత భావన. పూర్వులు కూడబెట్టిన జ్ఞానానికి దండ వేసి దణ్ణం పెడితే ఆ బాకీ తీరదు. నిజానికి సంహిత ఆ మాట బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పింది. వచ్చినవారందరికీ తలుపు తెరిచిన గ్రంథాలయోద్యమం ఆ ఋణాన్నీ, దాన్ని తీర్చుకునే హక్కునూ అందరివీ చేసింది. అందుకే ఆ తలుపు మూసి గోడలను మాత్రం కాపాడితే, కట్టినవారి సంకల్పాన్ని మనమే కాదన్నట్టు.

వాడకంతో పాత కట్టడం అరిగిపోతుందనేవారి భయం నిజమైనదే. అయితే ఆలయాల జీర్ణోద్ధారణలో దీనికి మనవాళ్లు ఏనాడో దారి చూపారు. గర్భాలయంలో పని సాగినంతకాలం దేవుణ్ణి బాలాలయమనే తాత్కాలిక గుడిలో ఉంచి నిత్యపూజ నడుపుతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 దాకా జరిగింది అదే. మరమ్మతు పేరుతో పూజ ఆపరు, పూజ పేరుతో మరమ్మతూ మానరు. పాఠకులకూ అలాంటి తాత్కాలిక వసతి చూపడం అసాధ్యమేమీ కాదు.

ఇంకో ఆక్షేపణ బలమైనది: పుస్తకానికి ఆత్మ అక్షరమే కదా, స్కాన్ చేసి ఫోన్లో అందిస్తే ఈ పాత దేహంపై మమకారమెందుకు? దేహాన్ని జీర్ణవస్త్రమన్న గీత కూడా ఇదే చెబుతుందనిపిస్తుంది. స్కానింగ్ తప్పక జరగాలి. పొడిపొడి అవుతున్న పాత పత్రికల విషయంలో అది ఈ రోజే మొదలుకావాలి. కానీ గీతలో దేహి పాత బట్ట విడిచి కొత్తది కట్టుకుంటాడు. మూతపడిన పఠన మందిరపు పాఠకుడికి ఆ కొత్త బట్ట ఎవరిస్తున్నారు? ఇరుకింట్లో మూల దొరకని విద్యార్థికి, రోజూ పేపరు కొనలేని ముసలాయనకు, ఎందుకొచ్చావని అడగని ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక వెలుతురున్న కిటికీ కావాలి. అక్షరాన్ని ఫోను ఇస్తుంది, ఈ చోటును ఇవ్వలేదు. కాబట్టి పునరుద్ధరణ అంచనాల్లో సున్నం, కలప, పైకప్పు ఖర్చుల పక్కనే గ్రంథపాలకుడి జీతం, సాయంత్రం తెరిచి ఉంచే వేళలు, కొత్త పుస్తకాల పద్దు కూడా రాయాలి.