గ్లాసెడు పాలు: దారిలో తిన్నదాని లెక్క

ఆదోని జామియా మస్జిదులో ఒక రోజు అసర్ నమాజు తర్వాత మన ఊరి యువకుడొకడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బెంగుళూరులో ఉద్యోగం. స్నేహితులతో మొరాకో వెళ్లి, అక్కడి అట్లాస్ పర్వతాల్లో అయిదు రోజులు నడిచి వచ్చాడు. బెర్బర్లు నివసించే లోయలవి. బెర్బర్లన్నది ఇతరులు పెట్టిన పేరు, వారు తమను తాము 'ఇమజిఘెన్' అని చెప్పుకుంటారు. మన దేశానికి వచ్చి ఢిల్లీలో ఖాజీగా పనిచేసిన ఇబ్నె బతూతా కూడా 1304లో టాంజియర్ పట్టణంలో పుట్టిన బెర్బరే.

"హజ్రత్, ఒక సందేహం" అన్నాడు. డబ్బు కంపెనీకి కట్టాడట. కంపెనీ ఒక దారి చూపేవాణ్ని, సామాను మోసే కంచరగాడిదలను, వాటిని తోలే ఇద్దరిని పంపింది. మూడో రోజు ఎత్తయిన పచ్చిక మైదానంలో ఒక సంచార కుటుంబం గుడారం కనబడింది. ఎండాకాలంలో దక్షిణం నుంచి మేకలు, గొర్రెలు తోలుకొని పైకి వచ్చేవారు. ఇంటావిడ రొట్టె కాల్చింది, టీ పోసింది, గిన్నె అడుగున మిగిలిన వెన్న కూడా గీకి పెట్టింది. ఇతను డబ్బు ఇవ్వబోతే దారి చూపేవాడు చెయ్యి పట్టుకొని ఆపాడట, వాళ్లు చిన్నబుచ్చుకుంటారని. "నేను డబ్బు కట్టింది ఒకరికి, నాకు అన్నం పెట్టింది ఇంకొకరు. ఆమెకు నేను బాకీ ఉన్నానా, లేనా?"

అతిథి హక్కు గురించి హదీసులు చెప్పి పంపించవచ్చు. ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక మర్యాద, మూడు రోజుల ఆతిథ్యం, ఆ పైన ఇచ్చేది సదఖా. ఇంటివాడికి పెట్టడానికి ఏమీ లేకుండా చేసి అతణ్ని పాపంలోకి నెట్టేదాకా అతిథి తిష్ఠ వేయకూడదని కూడా దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అయినా నోరు పెగల్లేదు. కారణం చెబుతాను.

మూడేళ్ల కిందట మక్తబులో పాఠం చెబుతున్నాను. ప్రవక్తలందరూ గొర్రెలు కాచినవారేనన్న హదీసు వచ్చింది. మక్కా వారి గొర్రెలను తాను కూడా కూలికి కాచానని మహాప్రవక్త (స) స్వయంగా చెప్పుకున్నారు. "గొర్రెలు కాస్తే ఏమొస్తుంది హజ్రత్?" అని ఒక పిల్లవాడు అడిగాడు. సహనం, దయ అంటూ పుస్తకంలో చదివిందే చెప్పాను. చెబుతున్నప్పుడే అది అరువు జవాబని నాకు తెలిసిపోయింది. ఆ మార్గశిరంలో, మా పక్క పల్లె కురువల మంద కదులుతుంటే, పెద్దాయన్ని అడిగి వెంట నడిచాను.

పశ్చిమ కర్నూలు సంగతి పాఠకులకు తెలిసిందే. వాన తక్కువ, రాయి ఎక్కువ. గడ్డి ఎండగానే మందలు తుంగభద్ర దిగువ కాలువ కింది పొలాల వైపు, ఎమ్మిగనూరు దాటి నది దాకా సాగుతాయి. వరి కోసిన మళ్లలో మేత దొరుకుతుంది. ఎరువు కోసం రైతు రాత్రిపూట తన పొలంలో మంద ఆపించుకుంటాడు. దానికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో గంట కూడా పట్టని దూరం. గొర్రె అడుగుతో నడిస్తే మూడు రోజులు పట్టింది. (ఒక తమాషా ఏమిటంటే, మా హనఫీ ఉలమా ఖస్ర్ నమాజుకు మూడు రోజుల నడకనే ప్రమాణం చేసి, దాన్ని 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కకట్టారు. మూడు రోజులు నడిచినా నేను ముసాఫిర్‌ను కాలేదు. నమాజులు పూర్తిగానే చేశాను.)

రెండో రాత్రి చలి బాగా ఉంది. కంబళి కప్పుకొని కంచె పక్కన పడుకున్నాను. మందలో జీతానికి ఉన్న పిల్లవాడు ఒకడున్నాడు, పదహారేళ్లు ఉంటాయేమో. గొర్రెలతోపాటు పాల కోసం నాలుగైదు మేకలను కూడా తోలుకొస్తారు. వాటి పాలు పిండి, కాచి, గ్లాసెడు తెచ్చి "తాగు సాయబన్నా" అన్నాడు. తాగాను. అల్‌హమ్‌దులిల్లాహ్ అన్నాను. ఆ పాలు ఎవరివని అడగలేదు.

తెల్లవారి తెలిసింది. తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి ఉంది, ఆ పాలు దానికోసం పిండినవి. మేకలు ఆ పిల్లవాడివి కావు, పెద్దాయనవీ కావు. ఊళ్లో ఉన్న యజమానివి.

నాకు హిజ్రత్ యాత్ర గుర్తుకొచ్చింది. క్రీ.శ. 622లో జరిగిన ఆ ప్రయాణం కూడా ఒక కూలి మనిషి దారి చూపగా సంచార తెగల నేల మీదుగా సాగినదే. అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ ముస్లిం కాదు, ఖురైషుల మతం మీదే ఉన్నవాడు. అతణ్ని కూలికి కుదుర్చుకొని, ఒంటెలు రెండూ అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరికి రమ్మన్నారు. పట్టిచ్చిన వారికి ఖురైషులు 100 ఒంటెలు ప్రకటించి ఉన్నారు. చోటు అతనికి తెలుసు. అతను చెప్పలేదు. కూలి అతని కాళ్లకు ఇచ్చింది, ఆ మౌనానికి ఇచ్చింది కాదు. అమానతుకు ధర కట్టే త్రాసు ఏ బజారులోనూ లేదు.

అదే దారిలో ఒక మధ్యాహ్నం హజ్రత్ అబూబక్ర్ (రజి)కు బండరాయి నీడకు మంద తోలుకొస్తున్న ఒక గొర్రెల కాపరి కనిపించాడు. ఆయన మొదట అడిగింది పాలు కాదు, నువ్వు ఎవరి మనిషివని. కాపరి చెప్పిన యజమాని తనకు తెలిసినవాడే. ఆ తర్వాతే గొర్రెల్లో పాలున్నాయా అని, మా కోసం పిండుతావా అని అడిగారు. బాటసారికి కాపరి పాలు ఇవ్వడం అరబ్బుల ఆచారమనీ, యజమానుల అనుమతి అందులో ఉన్నట్టేననీ హదీసు వ్యాఖ్యాతలు వివరించారు. మరో సందర్భం ఉంది. అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) కుర్రవాడిగా ఇతరుల గొర్రెలు కాస్తున్న రోజుల్లో దైవప్రవక్త (స) పాలు అడిగితే, ఇవి నాకు అప్పగించిన అమానతు అన్నారు. ఆ మాటకు ప్రవక్త (స) ఏమాత్రం నొచ్చుకోలేదు.

నేనేం చేశానో చూడండి. తిరిగి రాగానే యజమాని ఇంటికి వెళ్లాను. జరిగింది చెప్పి, పాలకు డబ్బిచ్చి మాఫీ చేయించుకుందామని. ఆయన నవ్వాడు. "ఏమి సాయబూ, గలాసు పాలకి ఇంత దూరం వస్తివా? పోనీలే" అన్నాడు. డబ్బు ముట్టుకోలేదు. నా మెడ మీది బరువు దిగిందనుకొని హాయిగా ఇంటికి వచ్చాను.

నెల తర్వాత పెద్దాయన ఆదోని మార్కెట్టు దగ్గర కలిశాడు. "నువ్వు చెప్పక పోయింటే బాగుండు సాయబూ" అన్నాడు. యజమాని పిల్లవాణ్ని పిలిపించి, ఇట్లా ఎంతమందికి పోస్తివి అని నిలదీశాడట. తల్లి లేని గొర్రెపిల్ల అప్పటికే చచ్చిపోయింది. అది కూడా వాడి ఖాతాలోనే పడింది. జీతంలో పట్టుకున్నారట.

నా లెక్క తీర్చుకోవడానికి వాడి లెక్క చెడగొట్టాను. హక్కుదారు దగ్గరికి వెళ్లి మాఫీ కోరడం షరీయతు చెప్పిన మాటే, అందులో సందేహం లేదు. మరి నేను చెప్పింది నా తప్పేనా, వాడి తప్పు కూడా చెప్పినట్టయిందా? పక్కవాడి లోపం కప్పిపుచ్చమన్నదీ అదే షరీయతు. రెండు ఆదేశాల మధ్య నన్ను నేనే ఇరికించుకున్నాను. అడగాల్సిన ప్రశ్న తాగేముందు అడిగి ఉంటే ఈ ముడి పడేదే కాదు. తాగిన తర్వాత నా భయభక్తి ఎంత మేల్కొన్నా దాని ఖర్చు వేరేవాడు మోశాడు. పట్టుకున్నంత సొమ్ము పెద్దాయన చేతికిచ్చి పిల్లవాడికి అందజేయమన్నాను. అందింది. అయితే, జీతగాడు యజమాని ముందు మాట పోగొట్టుకుంటే దాన్ని ఏ నోటుతో తిరిగి కొంటాం?

ఇదంతా ఆ యువకుడికి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నేను అడిగాను, గాడిదలు తోలిన ఇద్దరికీ రోజుకు ఎంత ఇచ్చారో నీకు తెలుసా అని. తెలియదన్నాడు. గుడారంలో వెన్న అయిపోతే ఆ ఇంట్లో మరుసటి పూట ఏం తిన్నారో దారి చూపేవాణ్ని అడిగావా అన్నాను. అడగలేదన్నాడు. కొండ ఎత్తు మాత్రం 4,071 మీటర్లని ఠక్కున చెప్పాడు. దారి చూపేవాడి ఫోను నంబరు ఉందట. ఆ కుటుంబం మళ్లీ ఎప్పుడు కొండెక్కుతుందో అడిగి, పిల్లలకు కంబళ్లు పంపవచ్చేమో కనుక్కుంటానని లేచాడు. ఇచ్చేది కూలి అనిపించకూడదు, కానుక అనిపించాలి, ఆ మాట ముందే దారి చూపేవాడితో అనుకో అన్నాను.

ఈ ఏడు మంద కాలువ వైపు కదిలినప్పుడు చూడడానికి వెళ్లాను. ఆ పిల్లవాడు కనిపించలేదు. ఇంటివాళ్లతో సుగ్గికి పోయాడని, గుంటూరు వైపు మిరపకాయ కోతకని పెద్దాయన చెప్పాడు. మేకలను ఇప్పుడు ఆయనే పిండుతున్నాడు.