మమకారము - ధర్మము

జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారముతో టాటావారు 1954లో జంషెడ్‌పూరున లారీల నిర్మాణము ప్రారంభించిరి. ఆ ఒప్పందము 1969లో ముగిసినది. ఆనాటి లారీ నొకదానిని నడిపి తండ్రి కుటుంబమును పోషించెను. కుమారుడు దాని తుప్పు గీయించి, ఇంజను విప్పించి బాగుచేయించి, రంగులు వేయించి మరల నడచునట్లు చేసె ననుకొందము. ఇప్పుడు కొనువాడు వచ్చినాడు. ఇంట కుమార్తె చదువునకు ధనము కావలసియున్నది. అమ్మవలెనా, ఉంచుకొనవలెనా?

తండ్రి జ్ఞాపకమును అమ్ముట కృతఘ్నత గదా యని మనస్సు వెనుదీయును. ఇచ్చట భాగవతములోని భరతుని వృత్తాంతము స్మరింపదగినది. రాజ్యమును తృణప్రాయముగా విడిచిన ఆ మహనీయుడు, నదిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను కరుణతో కాపాడి, దానియందలి మమకారముచేత మరుజన్మమున లేడియై పుట్టెను. కాపాడుట పుణ్యమే, కాపాడినది నాది యనుకొనుట బంధము.

బండి స్వభావమును గమనింపవలెను. కదలక కొట్టములో నిలిచిన లారీకి టైర్లు బీటలు వారును, బ్యాటరీ చెడును, ట్యాంకు తుప్పు పట్టును. ఉంచుకొనుట యనగా నడుపుట, పోషించుట. శక్తి లేనివాడు ఉంచుకొనినచో చేసిన శ్రమయంతయు మెల్లగా మన్నగును.

ఇంటికి లోటు రాక దానిని పోషింపగలవాడు ఉంచుకొనుటలో తప్పు లేదు. ఈ గృహస్థునకు మాత్రము విక్రయమే ధర్మము. అయితే విడిభాగములకై విప్పివేయువానికి గాక, ప్రీతితో నడుపుకొనువానికి ఇచ్చుట మేలు. తండ్రి చెమటోడ్చి నిలిపిన సంసారమును చెడకుండ కాచుటయే ఆయనకు తీర్పదగిన ఋణము.