కట్టినవాని ఋణము

పెండ్లి ఊరేగింపులో వరుని మోసిన గుఱ్ఱమునకు ధనుర్మాసమున పని తగ్గును. ముహూర్తము లుండవు, రాబడి యుండదు. చలి మాత్రము అప్పుడే ముదురును. సంపాదింపని దినమున దానికి మేత పెట్టుట దానమా, ధర్మమా?

గాజులరామారమున గాని, నగరపు టంచున మఱెచ్చట గాని గుఱ్ఱమును కట్టివేసినవాడు, మేతను నీడను వెదకుకొను దాని స్వేచ్ఛను తాను తీసికొన్నాడు. కనుక పోషణము భిక్ష కాదు, ఋణము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము కూడ చాలినంత మేత, నీరు, నీడ ఈయని యజమానిని దోషిగా ఎంచును.

ఆ ఋణము తెలిసి తీర్చవలెను. చలిలో వెచ్చదన మిచ్చునది ముఖ్యముగా ఎండుగడ్డి. పీచు ప్రేగులలో పులియునపుడు వేడి పుట్టును. ఉలవలు పెంచి గడ్డి తగ్గింపరాదు. నీరు తక్కువ త్రాగినచో కడుపుశూల రాగలదు. గోరువెచ్చని నీరుంచుట మేలు.

కాయకము చేసిననాడు పెట్టునది కూలి. కాయకము లేనినాడును పెట్టుట యజమాని కాయకము.