మాండవ్యుడి అప్పీలు

మా లేపాక్షి గుడిలో, పూర్తికాని కల్యాణమండపం దగ్గర గోడమీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. ఖజానా సొమ్ము గుడికి వాడాడని రాజు కళ్లు తీయించబోతే, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి ఆ గోడకు కొట్టాడని కథ. హిందూపురం రూటులో కండక్టరుగా తిరిగిన రోజుల్లో ఆ గోడ చూసినప్పుడల్లా నాకు ఒకటే ప్రశ్న. ఆయన మాట రెండోసారి వినేవాళ్లే లేకపోయారా? తీర్పు చెప్పేశాక ధర్మం పని అయిపోయినట్టేనా?

ఆర్టీసీ డ్రైవరుకు కళ్లే అన్నం. రంగురంగుల చుక్కల్లో దాగిన అంకె చదవమంటారు. చదవలేకపోతే అన్‌ఫిట్. 2014లో చేరిన ఒక డ్రైవరును వర్ణాంధత్వమని 2016 జనవరిలో తెలంగాణ ఆర్టీసీ ఇంటికి పంపింది. వేరే పని ఇమ్మంటే కుదరదంది. హైకోర్టులో మొదట గెలిచాడు, డివిజన్ బెంచి ఆ గెలుపును కొట్టేసింది. వేరుశనగ ఎండిన ఏడాది ఇంట్లో ఒక ఆర్టీసీ జీతం ఉండటమంటే ఏమిటో మా అనంతపురం పల్లెలకు తెలుసు.

ఇలాంటప్పుడు ఊళ్లో అనే మాట 'వాని కర్మ'. ఓదార్పుగా అంటే సరే. ఫైలు మూయడానికి అంటే నేను ఒప్పుకోను. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మునిని చూడండి. చేయని దొంగతనానికి కొరత వేశారు. ఆయన తిన్నగా యమధర్మరాజు దగ్గరికే పోయి, ఇది ఏ పాపానికని నిలదీశాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చావన్నాడు యముడు. కర్మలెక్క ప్రకారం కథ అక్కడితో సరి. కానీ మాండవ్యుడు ఊరుకోలేదు. తెలియని వయసు తప్పుకు ఇంత శిక్షా అని, పద్నాలుగేళ్ల లోపు చేసింది పాపం కాదని కొత్త కట్టడి పెట్టాడు. యముణ్ణే విదురుడిగా పుట్టమని శపించాడు. యముడి లెక్కనే తిరగదోడిన కథ మనదైనప్పుడు, మనుషుల తీర్పును మళ్లీ చూడమని అడగడం తప్పెలా అవుతుంది?

ఆ డ్రైవరూ ఊరుకోలేదు. రంగులు పోల్చలేని డ్రైవర్లకు వేరే ఉద్యోగం ఇవ్వాలని 1979లోనే కార్మికులతో కుదిరిన ఒప్పందం ఉంది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు దాన్నే పట్టుకుంది. సంస్థ మరో పని కోసం సరిగా వెతకనే లేదని తేల్చి, అదే పే గ్రేడులో తగిన పని ఇమ్మంది. గ్యారేజీలో బస్సు కడగడానికి ఎరుపేదో ఆకుపచ్చేదో తెలియాలా? డిపోలో ఎవరినడిగినా చెప్పేవాళ్లు.

బకాయిల్లో మాత్రం 25 శాతమే ఇమ్మన్నారు. తొమ్మిదేళ్లు ఉద్యోగానికి దూరమైన మనిషికి అది చాలదు. అన్‌ఫిట్ కాగితం చేతికొచ్చిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వేరే పోస్టు కావాలని ఆ రోజే రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.