బుగ్గ రామలింగేశ్వరుని దర్శనానికి ఏ కాలం మంచిది?

తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వర స్వామిని ఎప్పుడు దర్శించుకోవాలని చాలామంది అడుగుతుంటారు. పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్లేవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రాతి నేల మీద కాలు పెట్టలేం.

అయితే ఒక్క మాటండి. మా అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే వాన. గుడి పక్కనే ఉన్న పెన్న చాలా నెలలు ఇసుకే. అలాంటి చోట లింగం దగ్గర బుగ్గ నీరు ఊరుతుంది, అందుకే స్వామికి ఆ పేరు.

వేరుశనగ వేసిన రైతు వాతావరణం బాగుందని గుడికి రాడు. వాన మొహం చాటేసినప్పుడు వస్తాడు. మనం వీలు చూసుకుని వెళ్లడంలో తప్పులేదు. కానీ స్వామి ముందు నిలబడినప్పుడు మన కోరికతో పాటు ఆ చేనుకు ఒక వాన కూడా అడుగుదాం.

ఓం నమః శివాయ.